పండుగప్ప తల్లిచేపలను ఎలా తయారు చేసుకోవాలి: మగది ఆడదయ్యేదాకా ఓపిక, ఆ తర్వాతే సూది

సంతలో పుంజునూ పెట్టనూ కొన్నట్టు పండుగప్పలో మగ, ఆడ జత కొనలేరు. ఎందుకంటే ఆ రెండూ ఒకే చేప. పండుగప్ప ముందు మగదిగా ఈడుకొస్తుంది, కొన్ని సీజన్లు మగదిగానే గడుపుతుంది, ఆ తర్వాత దానంతట అదే ఆడదైపోయి మిగతా బతుకంతా గుడ్లు పెడుతుంది. మనం ఇంట్లో కోసుకునే కిలో, కిలోన్నర పండుగప్పలో జన కనపడకపోవడానికి కారణం ఇదే. ఆ సైజులో ఉన్నది ఇంకా ఈడుకు రాని చేప, కాదంటే మగది.

కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు చెరువుల్లో పండుగప్ప వేసే రైతులకు సీడ్, అంటే చేపపిల్లలు, ఎప్పుడూ ఒక టెన్షనే. తమిళనాడు హేచరీల్లో బుక్ చేసుకుని, వాళ్లు ఎప్పుడిస్తే అప్పుడు తెచ్చుకోవాలి. దాంతో "మనమే ఒక చిన్న హేచరీ పెట్టుకుంటే పోలా" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. అలా ఆలోచించేవాళ్లు ఫోన్ చేస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ సూది వేస్తే ఆడదవుతుందండీ?"

ఏ సూదీ వేయక్కర్లేదు. సూది పని చివరి 36 గంటలది. ఆడదాన్ని తయారు చేసేది నాలుగైదేళ్ల మేపు, ఉప్పునీరు, మీరు రాసుకునే లెక్కల పుస్తకం. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకాయన ఏడు కిలోల చేపను "గ్యారంటీ ఆడది" అని నాకు అమ్మాడు. ఇంటికి తెచ్చి రెండు వారాలు ఆగి పొట్ట నొక్కితే తెల్లటి పాలు, అంటే మగదాని వీర్యం, చిమ్మాయి. ఆయన కావాలని మోసం చేశాడని కూడా అనలేను. పెద్దదైతే ఆడదే అని ఆయనా నమ్మాడు. ఎక్కువసార్లు అది నిజమేగానీ, చేప మనం రాసుకున్న పట్టిక ప్రకారం మారదు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. తీరప్రాంతంలో హేచరీ పెట్టాలంటే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక్కడ చెప్పే హార్మోన్లు తల్లిచేపలకు మాత్రమే. కాటాకెక్కే చేపకు, అంటే తినడానికి అమ్మే చేపకు, హార్మోను తగలకూడదు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది పాఠంలా అనిపించినా వదిలేయకండి. కింద చెప్పే ప్రతి పనికీ కారణం ఇందులోనే ఉంది.

చేప ఒంట్లో సెక్స్ హార్మోన్లన్నిటికీ ముడిసరుకు కొలెస్టరాలే. దాని నుంచి మెట్టుమెట్టుగా టెస్టోస్టిరాన్ తయారవుతుంది. టెస్టోస్టిరాన్ అనగానే మగ హార్మోన్ అనుకుంటాం. చేపల్లో దాన్ని ఒక జంక్షన్ అనుకుంటే సులువు. అక్కడినుంచి రెండు దారులున్నాయి. ఒక దారిలో పోతే 11-కీటోటెస్టోస్టిరాన్ అవుతుంది. చేపల్లో అసలు మగ హార్మోన్ ఇదే, వృషణంలో వీర్యకణాలు ముదిరేది దీనివల్లే. రెండో దారిలో ఆరోమటేజ్ అనే ఎంజైము కూర్చుని ఉంటుంది. అది అదే టెస్టోస్టిరాన్‌ను పట్టుకుని ఎస్ట్రడయోల్‌గా మార్చేస్తుంది. అది ఆడ హార్మోన్. ఎస్ట్రడయోల్ రక్తంలో కాలేయానికి చేరితే కాలేయం విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ తయారు చేసి రక్తంలోకి వదులుతుంది. గుడ్లు దాన్ని పీల్చుకుని పచ్చసొనగా నింపుకుంటాయి.

అంటే మగదా ఆడదా అన్నది ఏ దారిలో ట్రాఫిక్ ఎక్కువ పోతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పండుగప్ప మగదిగా ఉన్నన్నాళ్లూ మొదటి దారి తెరిచి ఉంటుంది. ఒక సీజన్‌లో పాలు విడిచాక వృషణం కరగడం మొదలవుతుంది. మగ హార్మోన్ పడిపోతుంది, ఆరోమటేజ్ పుంజుకుంటుంది, అదే అవయవంలో అండాశయం పెరుగుతుంది. తర్వాతి సీజన్‌కు అదే చేప ఆడదిగా వస్తుంది. పండుగప్పలో ఈ మార్పు సహజంగా జరుగుతుందని 1979లో మూర్ అనే శాస్త్రవేత్త పాపువా న్యూగినీ చేపల మీద పనిచేసి రాశాడు. ఆస్ట్రేలియాలో బారముండి అని గొప్పగా చెప్పుకునేదీ మన పండుగప్పే.

ఈ మార్పుకు గంట కొట్టేది ఎవరు? అన్ని చేపల్లోనూ ఒకరే కాదు. అక్వేరియంలో కనపడే నారింజ రంగు క్లౌన్ ఫిష్ కూడా మగ నుంచి ఆడగా మారేదే, కానీ దానికి గంట కొట్టేది ఇంటి పెద్ద చావు. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది. అది పోతే దాని మగడే ఆడదవుతాడు, కింద వరసలో ఉన్న చేప మగదవుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరిశోధనలో ఇంకో వింత ఉంది. క్లౌన్ ఫిష్‌లో ముందు మారేది మెదడు. మెదడు ఆడదైపోయిన తర్వాత కూడా చాలాకాలం అండాశయం సిద్ధం కాకుండా ఉండిపోవచ్చు. ఇక గ్రూపర్లు అనే సముద్రపు చేపలది సరిగ్గా తిరగేసిన కథ. అవి ముందు ఆడవి, బాగా పెద్దయ్యాక మగవి. అందుకే గ్రూపర్ హేచరీల్లో కరువు మగవాటికి. అక్కడ చేపకు మిథైల్ టెస్టోస్టిరాన్ ఇచ్చో, ఆరోమటేజ్‌ను ఆపే లెట్రోజోల్ లాంటి మందు ఇచ్చో మగవాటిని తయారు చేస్తారు. జంక్షన్‌లో రెండో దారి మూసేస్తే బండ్లన్నీ మొదటి దారిలోకే మళ్లుతాయి, అంతే లాజిక్.

పండుగప్పలో గంట కొట్టేవి ప్రధానంగా వయసు, సైజు. పక్కన ఆడది ఉందా లేదా అని అది క్లౌన్ ఫిష్‌లా చూసుకోదు.

"మరి మనమే ఎస్ట్రడయోల్ ఇచ్చి తొందరగా ఆడదాన్ని చేస్తే?" అని తెలివైన కుర్రాళ్లు అడుగుతారు. పరిశోధకులు చిన్న బారముండిలకు ఎస్ట్రడయోల్ ఇచ్చి అండాశయం తెప్పించారు కూడా. కానీ అండాశయం రావడం వేరు, అందులో లక్షల గుడ్లు పచ్చసొనతో నిండి, ఫలదీకరణ జరిగి, పిల్లలై బతకడం వేరు. రెండోది కావాలంటే చేప ఒళ్లు కూడా ఆ బరువు మోయగలగాలి. మీ హేచరీలో ఆ ప్రయోగం చేయొద్దనే నా సలహా.

మొదటి పని: వయసుల లెక్క

చాలామంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మన బందిఖానాలో పెరిగే పండుగప్పలో 2 నుంచి 3.5 కిలోల మధ్యవి ఎక్కువగా మగవే ఉంటాయి. 4 కిలోలు దాటాక ఆడవి కనపడటం మొదలవుతుంది. 5, 6 కిలోల దగ్గర ఎక్కువభాగం ఆడవే. ఇప్పుడు మీరు ఒకే చెరువు నుంచి, ఒకే బ్యాచ్ నుంచి, 2 కిలోల చేపలు ముప్పై కొన్నారనుకోండి. మొదటి ఏడాది అన్నీ మగవే. ఆడది లేదు, గుడ్డు లేదు. రెండో ఏడు కూడా దాదాపు అంతే. తర్వాత ఒకటీ రెండూ మారతాయి, మీకు ఆశ పుడుతుంది. ఆ పై ఏడు చూసేసరికి అన్నీ ఆడవే, పాలు ఇచ్చే మగది లేదు. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాగే ఒక సీజన్ పోయింది. ఆరు కిలోల తల్లులు పొట్టలు ఉబ్బేసుకుని తిరుగుతుంటే, మగవాటి కోసం వాన్ వేసుకుని ఊళ్లు తిరిగాం.

కాబట్టి ఇలా చేయండి. మొదటిసారి కొనేటప్పుడే రెండు సైజులు తీసుకోండి: 2.5 కిలోల చుట్టూ ఉన్నవి కొన్ని, 5 కిలోలు దాటినవి కొన్ని. ఆ తర్వాత ప్రతి ఏడూ తప్పకుండా కొత్తగా 2 కిలోల చేపలను కలపండి. అవే మీ రాబోయే రెండేళ్ల మగవి, ఆ తర్వాతి ఆడవి. వేర్వేరు చోట్ల నుంచి తీసుకుంటే మంచిది. అడవి చేపల్లో ఒక ఈడు తోబుట్టువులు ఒకేసారి మగవై, ఒకేసారి ఆడవవుతాయి గనక వాటిలో వాటికి జత కుదరడం కష్టం. హేచరీలో మాత్రం అన్న బ్యాచ్‌నూ తమ్ముడి బ్యాచ్‌నూ ఒకే తల్లి నుంచి తెచ్చి కలిపితే ఆ అడ్డు మనమే తీసేసినట్టు.

ప్రతి చేపకూ వీపు రెక్క కింద కండలో చిప్ పెట్టించండి, పిట్ ట్యాగ్ అంటారు. చిప్ లేకపోతే ఈ లెక్క నడవదు. చేపల ముఖాలు నాకు గుర్తుంటాయి అనేవాళ్లను చాలామందిని చూశాను. ఆరు నెలల తర్వాత వాళ్లకీ గుర్తుండవు.

రెండో పని: నీళ్లు, మేత

చెరువు నుంచి వచ్చిన చేప మంచినీళ్లలో పెరిగినదైతే దానికి ఒక సంగతి గుర్తుచేయాలి. పండుగప్ప ఏటిలో, ఉప్పుటేరులో, చివరికి వరి పొలం పక్క కాలువలో కూడా బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం సముద్రానికే పోవాలి. మంచినీళ్లలో ఉంచి ఎన్నేళ్లు మేపినా హేచరీకి పనికొచ్చే తల్లి కాదు. సాలినిటీని ఒక్కసారిగా కాకుండా కొన్ని రోజులపాటు పెంచుతూ 28 నుంచి 32 పీపీటీకి (లీటరు నీళ్లలో అన్ని గ్రాముల ఉప్పు) తీసుకెళ్లి అక్కడ నిలపండి. నీటి వేడి 28 నుంచి 30 డిగ్రీలు.

కొత్త చేపను నేరుగా పాత వాటిలో కలపొద్దు, వేరే ట్యాంకులో కొన్నాళ్లు పెట్టండి. సముద్రపు పేలు, పురుగులు పట్టి ఉంటే కొన్ని నిమిషాలు మంచినీళ్లలో ముంచితే రాలిపోతాయి. మంచినీళ్లు పేనుకు పడవు, పండుగప్పకు పడతాయి. 

ట్యాంకు పెద్దదై ఉండాలి. 100 టన్నుల సిమెంట్ ట్యాంకు, రెండు మీటర్ల లోతు, టన్నుకు ఒక కిలో చేప. ఇంకో నాలుగు చేపలు సర్దుదాం అనుకోవద్దు. ఇరుకు, అస్తమానం వల వేయడం, కరెంటు పోయి ఏరేటర్లు ఆగడం, ఇవన్నీ చేపకు స్ట్రెస్. స్ట్రెస్‌లో కార్టిసాల్ పెరుగుతుంది. కార్టిసాల్ పెరిగితే పైన చెప్పిన ఫ్యాక్టరీ మందగిస్తుంది, సగం నిండిన గుడ్లను చేప తనలోకే తిరిగి పీల్చేసుకుంటుంది. పైకి పొట్ట అలాగే కనిపిస్తుంది, లోపల గుడ్డు ఉండదు.

మేత కవళ్లు, తిలాపియా, స్క్విడ్. ఒంటి బరువులో 5 శాతం వరకు, తిన్నంత. ఐస్‌లో రెండు రోజులున్న సరుకు వద్దు. ఒకే రకం చేప పెట్టకుండా మారుస్తూ ఉండండి, సీజన్‌కు మూడు నాలుగు నెలల ముందు నుంచి స్క్విడ్ పెంచండి. పచ్చసొనకు కావలసిన కొవ్వు అక్కడినుంచే రావాలి.

మూడో పని: ఏది మగ, ఏది ఆడ, ఏది మధ్యలో

చూపుతో చెప్పలేరు. నాకూ రాదు. పాతికేళ్లుగా చేస్తున్నవాళ్లు కూడా సైజు చూసి ఊహిస్తారు, తర్వాత పొట్ట నొక్కి చూస్తారు.

అమావాస్యకో పౌర్ణమికో రెండు మూడు రోజుల ముందు చెక్ పెట్టుకోండి. పండుగప్ప గుడ్లు విడిచేది ఆ పోట్ల చుట్టూనే. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మేత పెట్టకుండా. ట్యాంకులో నీళ్లు మోకాలి పైకి తగ్గించి, గుడ్డ ఊయలతో ఒక్కొక్కటిగా తీయండి. చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకోండి. పండుగప్ప బుగ్గ పలక అంచు రంపంలా ఉంటుంది, ఒక్క విదిలింపుకు అరచెయ్యి చీరేస్తుంది.

మత్తుకు లవంగం నూనె చాలు. అది నేరుగా నీళ్లలో కలవదు. ముందు కొంచెం ఇథైల్ ఆల్కహాల్‌లో కలిపి, ఆ తర్వాత టబ్బులో పోసి బాగా కలియబెట్టండి. 40 నుంచి 50 పీపీఎం, అంటే 100 లీటర్ల టబ్బుకు 4 నుంచి 5 మిల్లీలీటర్లు. చేప పక్కకు ఒరిగి, మొప్పలు నెమ్మదిగా ఆడుతుంటే తీయొచ్చు. మొప్పలు ఆగేదాకా చూడొద్దు.

పొట్టను వెనక్కి మెల్లగా నిమరండి. పాలు వస్తే మగది. ఒక చుక్క గాజు పలక మీద వేసి, సముద్రపు నీటి చుక్క కలిపి మైక్రోస్కోపులో చూడండి, కణాలు చీమల పుట్ట తట్టినట్టు కదలాలి. పాలు నీళ్లలా పల్చగా ఉంటే ఆ మగదాన్ని ఈసారికి పక్కన పెట్టండి.

పాలు రాకపోతే కాన్యులా. సుమారు 1.2 మిల్లీమీటర్ల మెత్తటి పాలిథిన్ గొట్టం. చేపను వెల్లకిలా పట్టుకుని, గుడ్లు వచ్చే రంధ్రంలోంచి ఆరేడు సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, రెండో కొస నోటితో మెల్లగా పీలుస్తూ గొట్టాన్ని వెనక్కి లాగాలి. గొట్టంలో ఏముందో చూడండి. సన్నటి రవ్వలా గింజలు గింజలుగా, విడివిడిగా వస్తే గుడ్లు ముదిరాయి. ముద్దలా అంటుకుని వస్తే ఇంకా టైముంది. ఆ గుడ్లను ఫార్మలిన్ వేసిన చిన్న సీసాలో పెట్టి, కొలత గీతలున్న మైక్రోస్కోపు కింద ఒక యాభై కొలవండి. సగటు 0.45 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. 0.40 వచ్చింది కదా దగ్గరే ఉంది అనుకుని సూది వేయొద్దు, తిరిగి ట్యాంకులో వదిలి తర్వాతి పోటుకు చూడండి.

పాలూ రాక, గొట్టంలో గుడ్డూ రాక, ఏదో జిగురు మాత్రమే వచ్చే చేపలు కొన్ని ఉంటాయి. వీటిని "పనికిరానివి" అని అమ్మేసిన హేచరీలు నాకు తెలుసు. అయ్యో అనిపిస్తుంది, ఎందుకంటే ఆ సైజులో అలా ఉన్నది చాలాసార్లు దారి మధ్యలో ఉన్న చేప. మొదటి దారి మూసుకుంది, రెండోది ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. నాలుగేళ్లు మేపి, ఆడది కాబోయే ఏడాది కాటాకెక్కించినట్టు. చిప్ నంబరు రాసుకుని వదిలేయండి.

నాలుగో పని: సూది

గుడ్డు 0.45 దాకా వచ్చిందంటే ఎస్ట్రడయోల్ తన పని ముగించినట్టే. పచ్చసొన నిండింది. ఇక కావలసింది వేరే హార్మోన్. సముద్రంలో అయితే ఉప్పు, పోటు, చీకటి, వాన అన్నీ కలిసొచ్చి మెదడు జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుస్తుంది, అది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని తడుతుంది, పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ను ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. ట్యాంకులో ఉన్న చేపకు ఆ కబురు చాలాసార్లు అందదు. మనం వేసే ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్-ఎ సూది ఆ మెదడు కబురుకు నకలు. సూది మందు గుడ్డును నేరుగా తాకదు. చేప సొంత పిట్యూటరీ చేతే ఎల్‌హెచ్ విడిపిస్తుంది. ఎల్‌హెచ్ వల్ల గుడ్డు చుట్టూ ఉన్న కణాలు ప్రొజెస్టిరాన్ కుటుంబానికి చెందిన ఇంకో హార్మోన్ చేస్తాయి, దాంతో గుడ్డు నీళ్లు పీల్చి ఉబ్బి, పారదర్శకమై విడుదలవుతుంది. 0.40 దగ్గర ఉన్న గుడ్డు ఆ కబురు అందుకోలేదు. అందుకే ఆ కొలత మీద అంత పట్టుదల.

కార్పు (బొచ్చె, రాగండి లాంటివి) హేచరీల్లో పనిచేసినవాళ్లు ఇక్కడ తమకు అలవాటైన ఓవాప్రిమ్ అనే రెడీమేడ్ సూది మందు వేయొచ్చు కదా అంటారు. మన దేశంలో ప్రేరిత ప్రజననం, అంటే సూది వేసి గుడ్లు పెట్టించడం, 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ సూదితో సాధించినప్పటి నుంచి కార్పువాళ్లకు సూది అలవాటే. కానీ కార్పులో డోపమైన్ అనేది ఎల్‌హెచ్ మీద బ్రేకు తొక్కి పట్టుకుంటుంది. ఓవాప్రిమ్‌లో డోంపెరిడోన్ కలిపింది ఆ బ్రేకు తీయడానికే. పండుగప్పకు ఆ బ్రేకు అంత గట్టిగా ఉండదు, ఒట్టి ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్-ఎ సరిపోతుంది. చెన్నైలోని సీబా అనే కేంద్ర ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ 1997లో మన దేశంలో మొదటిసారి పండుగప్పను బందీగా ఉంచి పిల్లలు తీసింది, వాళ్లు వాడే పద్ధతీ ఇదే.

డోసు: ఆడదానికి కిలోకు 60 నుంచి 70 మైక్రోగ్రాములు, మగదానికి అందులో సగం. ఒక ఆడదానికి రెండు మగవి.

లెక్క కాగితం మీద వేయండి. 1 మిల్లీగ్రాము వయల్ అంటే 1000 మైక్రోగ్రాములు. దానిలో 2 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపితే ఒక్కో మిల్లీలీటరులో 500 ఉంటాయి. ఆడది 6 కిలోలు, కిలోకు 60 చొప్పున 360 మైక్రోగ్రాములు, అంటే 0.72 మిల్లీలీటర్లు. మగది 3 కిలోలు, కిలోకు 30 చొప్పున 90, అంటే 0.18. రెండు మగవాటికి 0.36. మొత్తం 1.08 మిల్లీలీటర్లు, ఒక వయల్‌లో సరిపోయి మిగులుతుంది.

ఇక్కడ ఒక చిన్న గొడవ. మెడికల్ షాపులో ఇన్సులిన్ సిరంజి అడిగితే రెండు రకాలు ఇస్తారు. ఎర్ర మూతది 40 యూనిట్లది, నారింజ మూతది 100 యూనిట్లది. రెండూ చూడ్డానికి ఒకటే. 100 దాంట్లో 18 గీతలంటే 0.18 మిల్లీలీటరు. 40 దాంట్లో అదే 18 గీతలంటే 0.45. మా కుర్రాడు ఒకసారి ఎర్ర మూతతో మగవాటికి రెండున్నర రెట్లు ఎక్కించేశాడు. చేపలు చావలేదుగానీ లెక్క మొత్తం పాడైంది, ఆ రాత్రి ఎందుకు అలా జరిగిందో చెప్పుకోలేకపోయాం. మిల్లీలీటరు గీతలున్న ట్యూబర్‌క్యులిన్ సిరంజి తెచ్చుకోండి, గొడవ ఉండదు.

పొద్దున 7, 8 గంటల మధ్య వేయండి. వీపు రెక్క కింద కండలో, పొలుసు సందులోంచి సూదిని ఏటవాలుగా దించి, తీశాక వేలితో పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లేకపోతే మందు బయటికి వచ్చేస్తుంది. మందు కలిపేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, గర్భిణులు ఈ పనికి దగ్గరికి రాకూడదు.

ఐదో పని: ఆ రాత్రి

30 నుంచి 36 గంటలు. అంటే పొద్దున వేస్తే మర్నాడు పొద్దుగూకే వేళకు. ట్యాంకు దగ్గర లైట్లు ఆపేయండి, మాటలు వద్దు, పదే పదే టార్చి వేయొద్దు. వేస్తే ఎర్రగా మెరిసే కళ్లు కనపడతాయి తప్ప ఉపయోగం లేదు. మగవి ఆడదాని పక్కకు చేరి ఒరుసుకుంటూ తిరుగుతాయి, పైన నీళ్లు చప్పుడవుతాయి. కాసేపటికి నీచు వాసన గుప్పుమంటుంది, నీటి మీద సన్నటి నూనె తెట్టు కడుతుంది. అది వచ్చిందంటే పని అయినట్టు. కొన్ని చేపలు మర్నాడు రాత్రి కూడా ఇంకోసారి విడుస్తాయి.

ఫలించిన గుడ్లు పైకి తేలతాయి, గాజులా మెరుస్తాయి, సుమారు 0.8 మిల్లీమీటర్లు. తెల్లబడి అడుక్కి దిగినవి వృథా. పై నీటిని 150 నుంచి 200 మైక్రాన్ల మెష్ సంచిలోకి పొర్లించి తేలినవాటిని పట్టండి. 28 డిగ్రీల్లో 17, 18 గంటలకు పిల్లలు బయటికొస్తాయి. అక్కడినుంచి పిల్లలకు మేతగా రోటిఫర్లు, ఆర్టీమియా అనే సన్నటి నీటి జీవాలు, ఒకదాన్నొకటి మింగేయకుండా రోజూ సైజుల వారీగా వేరు చేయడం, అదంతా వేరే సంసారం. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఏమీ విడవకపోతే వెంటనే రెండో సూదికి దిగకండి. మళ్లీ కాన్యులా పెట్టి చూడండి. గుడ్లు చెదిరిపోయి, అంచులు ముడతలు పడి ఉంటే ఆ ఆడదాన్ని ఆ నెలకు వదిలేయాలి.

ఆరో పని: పుస్తకం

సీజన్ చివర అన్ని చేపలనూ ఇంకోసారి చూసి రాసుకోండి: చిప్ నంబరు, బరువు, పాలు వచ్చాయా, గుడ్డు సైజు ఎంత, ఏ తేదీన సూది. ఈ పాలు విడిచిన మగవాటిలోనే వచ్చే ఏటి ఆడవి ఉన్నాయి. మారేది సరిగ్గా ఇప్పుడే, సీజన్ ముగిసిన తర్వాతి వారాల్లో. కాబట్టి ఈ టైములో వాటిని వేరే ట్యాంకుకు మార్చడం, వల వేయడం, మేత తగ్గించడం లాంటివి పెట్టుకోకండి. పాలు బాగా ఇచ్చి 3.5 కిలోలు దాటిన ప్రతి మగదాని పేరు పక్కన పెన్సిల్‌తో ఒక చిన్న ప్రశ్న గుర్తు పెట్టండి. పెన్ను వద్దు. వచ్చే సీజన్‌లో మొదటి కాన్యులా వాటికే పెట్టాలి, కొన్నిటి ప్రశ్న గుర్తు చెరిపి 'ఆ' అని రాసుకుంటారు, కొన్ని ఇంకో ఏడాది పాలే ఇస్తాయి.